మెదడువాపు కేసులు మొదలయ్యాక ఫాగింగ్ చేస్తే ఆగుతుందా? అసలు ముందు ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: ఒక ప్రాంతంలో పిల్లలకి జ్వరం, ఫిట్స్, స్పృహ తప్పడం వరసగా వస్తున్నాయి. దోమల వల్ల వచ్చే మెదడువాపు అని డాక్టర్లు అంటున్నారు. రోజూ ఫాగింగ్ జరుగుతున్నా కేసులు తగ్గడం లేదు. పందుల్ని తరిమేయాలని కొందరు, అందరికీ వెంటనే టీకా వేయాలని ఇంకొందరు గొడవ చేస్తున్నారు. వీటిలో నిజంగా పనిచేసేది ఏది?

ఫాగింగ్ ఒక్కటే చేస్తే ఆగదు. వచ్చింది జపనీస్ ఎన్‌సెఫలైటిస్ (వాడుకలో జేఈ) అయితే పనిచేసేది టీకా, అదీ సీజన్‌కి ముందే వేసిన టీకా. వెస్ట్ నైల్, ఈస్టర్న్ ఎక్వైన్ అని దోమల వల్లే వచ్చే వేరే మెదడువాపులు ఉన్నాయి, అలాంటి వాటికి మనుషులకిచ్చే టీకా లేదు. అక్కడ దోమల మీద, పక్షుల మీద నిఘా పెట్టి, మనుషుల్లో కేసులు కనబడకముందే, దోమలు ఇంకా నీళ్లలో పిల్లపురుగులుగా ఉండే లార్వా దశలో కొట్టాలి. కేసులు మొదలైపోయాక ఎక్కువ ప్రాణాలు నిలిచేది ఆసుపత్రిలోనే. వీటన్నిటికన్నా ముందు, వచ్చింది దోమల వల్లేనా అన్నది తేలాలి. చాలాచోట్ల ఆ పని చివరికి గాని చేయరు.

నేను మొదట దోమల విభాగంలో, తర్వాత వ్యాధుల నిఘాలో పనిచేస్తూ వచ్చాను. ఇక్కడ రాసేది ఆ రెండు వైపుల నుంచి చూసింది.

ఫాగింగ్ ఎందుకు సరిపోదో ముందు చెప్తాను. వైరస్ ఉన్న దోమ కుట్టాక జేఈ లక్షణాలు బయటపడటానికి 5 నుంచి 15 రోజులు పడుతుంది. మొదట మామూలు జ్వరమే. రెండు మూడు రోజులు ఇంట్లోనో, దగ్గర్లో ఉన్న క్లినిక్‌లోనో గడిచిపోతాయి. ఫిట్స్ వచ్చాకో, పిల్లాడు తల్లిని గుర్తుపట్టకపోయాకో పెద్దాసుపత్రికి పరుగు. అక్కడ వెన్నులోంచి నీరు తీసి, ల్యాబ్‌కి పంపి, రిపోర్టు వచ్చి, లెక్కల్లోకి ఎక్కేసరికి ఇంకో వారం. అంటే ఈ రోజు వార్తల్లో చెప్పే కేసు ఇంచుమించు మూడు వారాల కిందటి దోమకాటు. కుట్టిన దోమ ఈపాటికి చచ్చి కూడా ఉంటుంది.

ఇంకో లెక్క ఉంది. జేఈ వైరస్ సోకిన సుమారు 250 మందిలో ఒక్కరికే తీవ్రమైన జబ్బు వస్తుంది. వెస్ట్ నైల్‌లో ఇది 150 మందిలో ఒకరు. మిగతావాళ్లలో చాలామందికి సోకినట్టే తెలియదు, కొందరికి నాలుగు రోజుల జ్వరంతో పోతుంది. కాబట్టి వార్డులో నలుగురు పిల్లలు ఉన్నారంటే బయట వెయ్యి మందికి వైరస్ సోకి ఉంటుందని అనుకోవాలి. ఆ నలుగురి ఇళ్ల చుట్టూ పొగ కొట్టి "చర్యలు తీసుకున్నాం" అని రాసుకుంటే మిగతా ఊళ్ల సంగతేమిటి?

అందుకే నేను ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది లైన్ లిస్ట్, అంటే ఒక్కో రోగి వివరాలు ఒక్కో వరసలో రాసిన పట్టిక. వయసు, ఊరు, జ్వరం మొదలైన తేదీ, ఆసుపత్రిలో చేరిన తేదీ, టీకా వేశారా లేదా, ఏ పని చేస్తారు, పశువులతో పందులతో మసలుతారా, ఈ గడులు చాలు. విచిత్రం ఏంటంటే చేరిన తేదీ నిమిషాలతో సహా ఉంటుంది, జ్వరం మొదలైన తేదీ గడి మాత్రం ఖాళీగా ఉంటుంది. మాకు కావలసింది అదే. ఒకసారి ఒక జిల్లాలో చేరిన తేదీల ప్రకారం గ్రాఫ్ గీస్తే రోజురోజుకీ పైకి పోతోంది, పైనుంచి ఒకటే ఒత్తిడి. కుటుంబాలకి ఫోన్లు చేసి జ్వరం మొదలైన తేదీలు పట్టుకుని మళ్లీ గీశాం. శిఖరం ఎప్పుడో దాటిపోయింది, మేం చూస్తున్నది తోక మాత్రమే. ఆ వారం కొత్తగా ఫాగింగ్ మొదలుపెట్టి ఉంటే, తర్వాత కేసులు తగ్గిన ఘనత అంతా పొగ ఖాతాలో పడేది. చాలాచోట్ల జరిగేది అదే. దానంతట అదే తగ్గే దశలో పొగ మొదలవుతుంది, పొగ వల్లే తగ్గిందని అందరూ నమ్మేస్తారు, మరుసటి ఏడాది బడ్జెట్ మళ్లీ దానికే పోతుంది.

అలాగని ఫాగింగ్ ఎప్పుడూ దండగ అని నేను అనను. 2005లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటో ప్రాంతంలో వెస్ట్ నైల్ వచ్చినప్పుడు విమానాలతో, అతి తక్కువ మోతాదులో మందు చల్లారు. చల్లిన ప్రాంతాన్నీ చల్లని ప్రాంతాన్నీ తర్వాత పోల్చి చూస్తే చల్లినచోట కొత్త కేసులు బాగా తగ్గినట్టు తేలింది. 2012లో టెక్సస్‌లోని డల్లాస్‌లోనూ ఆకాశం నుంచి చల్లారు. ఇవి ఏ పరిస్థితుల్లో పనిచేశాయో చూడండి. దోమల్ని పట్టే ట్రాపుల్లో పడినవాటిలో వైరస్ ఎంత ఉందో ముందే కొలిచి ఉంచుకున్నారు. పెద్ద విస్తీర్ణాన్ని ఒకేసారి కవర్ చేశారు. దోమ ఎగిరే వేళ చూసి చల్లారు. మనం మామూలుగా చూసేది దీనికి పూర్తిగా తలకిందులు: పొద్దున పదింటికి, ఎండలో, వీధిలో, ఫోటో కోసం. ఆ సమయానికి నేల వేడెక్కి పొగ పైకి లేచిపోతుంది, ఈ జబ్బుల్ని మోసే క్యూలెక్స్ దోమ గడ్డిలోనో పొదల్లోనో నక్కి ఉంటుంది. మందు చుక్క ఎగురుతున్న దోమకి తగిలితేనే పని. పొగ చెదిరిపోయాక దాని ప్రభావం ఏమీ మిగలదు, మర్నాడు కొత్త దోమలు పుట్టుకొస్తాయి.

ఏ దోమ అన్నది తెలియకుండా ఏ మందూ చల్లకండి. జేఈని ముఖ్యంగా మోసేది క్యూలెక్స్ ట్రైటీనియోరింకస్. వరి మళ్లలో, నీళ్లు నిలిచిన గడ్డి గుంటల్లో పెరుగుతుంది. చీకటి పడ్డాక బయట కుడుతుంది, మనిషి కన్నా పశువు రక్తమే దానికి ఇష్టం, రక్తం తాగాక ఎక్కువగా బయటే వాలుతుంది. అందుకే ఇంటి గోడలకి మందు కొట్టే పద్ధతి మలేరియా దోమ మీద పనిచేసినట్టు దీని మీద పనిచేయదు. పైగా కిలోమీటరు పైగా ఎగరగలదు, కాబట్టి ఊరి మధ్యలో పొగ పెడితే పొలం వైపు నుంచి మళ్లీ వస్తుంది. వెస్ట్ నైల్‌ని పట్టణాల్లో మోసే క్యూలెక్స్ పిపియెన్స్, క్యూలెక్స్ క్వింక్విఫేషియాటస్ వేరు. అవి మురుగు కాలవల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో పెరుగుతాయి. లా క్రాస్ అనే ఇంకో మెదడువాపు వైరస్‌ని మోసేది చెట్టు తొర్రల్లో, పాత టైర్లలో నిలిచిన నీళ్లలో పెరిగే ఏడిస్, అది పగలు కుడుతుంది. మూడూ మెదడువాపులే అయినా వెతకాల్సిన నీళ్లు వేరు, కుట్టే వేళ వేరు.

దీన్ని తెలుసుకునే పద్ధతి ఏమంత కష్టం కాదు. సాయంత్రం పశువుల పాక దగ్గర బ్యాటరీతో నడిచే లైట్ ట్రాప్ వేలాడదీస్తాం. చిన్న బల్బు, కింద ఫ్యాను, దాని కింద వల సంచి. పొద్దున్నే సంచి తీస్తే గుప్పెడు దోమలు. వాటిని చల్లబరిచి, తెల్లటి ట్రేలో పోసి, మైక్రోస్కోప్ కింద ఒక్కొక్కటీ తిప్పి చూస్తాం. ట్రైటీనియోరింకస్ చిన్నగా, ముదురు గోధుమ రంగులో ఉంటుంది. తొండం మధ్యలో లేత రంగు పట్టీ ఒకటి కనిపిస్తుంది. పట్టీ ఉన్న దోమలు ఆ గుంపులో ఇంకా ఉన్నాయి కాబట్టి అంతటితో ఆగకుండా రెక్క, కాలు కూడా చూడాలి. కొత్తగా వచ్చినవాళ్లకి మొదటి వారం అన్నీ ఒకేలా కనిపిస్తాయి, తర్వాత చెయ్యి దానంతట అదే వేరుచేస్తుంది. ఒకే జాతి ఆడదోమల్ని యాభై దాకా ఒక గొట్టంలో వేసి వైరస్ పరీక్షకి పంపుతాం. మనుషుల్లో మొదటి కేసు రావడానికి కొన్ని వారాల ముందే ఆ గొట్టాలు పాజిటివ్ రావచ్చు. ఆ వారాలే మనకి దొరికే సమయం. ఈ పని ఖాళీ సీజన్‌లో ఎవరికీ పట్టదు, పోస్టులు ఖాళీగా ఉంటాయి. కేసులు రాగానే మాత్రం ట్రాపులు ఎక్కడ అని అడుగుతారు.

పందుల సంగతికి వద్దాం. జేఈ వైరస్ అసలు తిరిగేది కొంగలు, నారాయణ పక్షుల లాంటి నీటి పక్షులకీ దోమలకీ మధ్య. పందికి సోకితే దాని రక్తంలో కొద్దిరోజుల పాటు వైరస్ బాగా పెరుగుతుంది, ఆ రోజుల్లో దాన్ని కుట్టిన దోమలన్నిటికీ అంటుకుంటుంది. పంది దాదాపు ఎప్పుడూ మామూలుగానే ఉంటుంది. చూలుతో ఉన్న పందులకి మాత్రం పిల్లలు చచ్చి పుడతాయి. మనిషి, గుర్రం వైరస్‌కి దారి మూసుకుపోయిన చోటు. మన రక్తంలో దోమకి అంటేంత వైరస్ ఉండదు. అందువల్ల జేఈ రోగి పక్కన కూర్చున్నా, ముట్టుకున్నా ఏమీ కాదు. రోగిని వెలివేసినట్టు చూసే కుటుంబాలకి ఈ మాట చెప్పీ చెప్పీ అలసిపోయాను.

మరి పందుల్ని తీసేస్తే? ఇళ్లకి దూరంగా జరపడం, దోమ తెర కట్టిన దొడ్లలో ఉంచడం మేలే. కానీ అది ఏళ్ల తరబడి చేసే పని, ఈ నెల కేసుల్ని ఆపదు. హడావిడిగా తరిమితే వైరస్ ఉన్న పందులు ఇంకో ఊరికి చేరతాయి. పందులకి టీకా వేయడం కాగితం మీద బాగుంటుంది. కానీ మందలో కొత్త పిల్లలు ఎప్పుడూ పుడుతూనే ఉంటాయి, తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఉన్నంతకాలం టీకా సరిగ్గా పట్టదు. పందులు పెద్దగా లేనిచోట కూడా, నీటి పక్షులూ వరి మళ్లూ ఉంటే జేఈ వస్తుంది. పందుల్ని నేను చూసేది ఎక్కువగా ముందస్తు హెచ్చరిక గంటగా. 2022లో ఆస్ట్రేలియా ఆగ్నేయ రాష్ట్రాల్లో జేఈ మొదట బయటపడింది పందుల ఫారాల్లోనే. పిల్లలు చచ్చి పుట్టడం, వంకర తిరిగి పుట్టడం పశువైద్యులు గమనించి పరీక్షలు చేయించారు. పశువైద్య శాఖ, ఆరోగ్య శాఖ ఒకరితో ఒకరు మాట్లాడుకునే చోట ఇది వీలవుతుంది. మాట్లాడుకోని చోట రెండు ఫైళ్లూ రెండు బీరువాల్లో ఉంటాయి.

జంతువుకి టీకా వేస్తే మనుషుల్లో ఆగిపోయే జబ్బూ ఒకటుంది: వెనిజులన్ ఎక్వైన్ ఎన్‌సెఫలైటిస్. పెద్దఎత్తున వ్యాపించినప్పుడు అక్కడ వైరస్‌ని పెంచేది గుర్రమే. 1971లో అది టెక్సస్ దాకా వచ్చినప్పుడు గుర్రాలకి టీకా వేసి, రాకపోకలు ఆపి, దోమల మందు చల్లి అణిచారు. అదే జేఈలో, వెస్ట్ నైల్‌లో గుర్రానికి టీకా వేస్తే గుర్రం బతుకుతుందంతే, మనుషులకి ఒరిగేది ఏమీ లేదు. వైరస్ ఎక్కడ పెరుగుతోందో తెలియకుండా టీకా ఎవరికి వేయాలో చెప్పలేం.

జేఈ టీకాలో మంద రక్షణ ఉండదు. ఇది చాలామంది వైద్య సిబ్బందికి కూడా తెలియదు. తట్టులో ఎక్కువమంది పిల్లలకి టీకా వేస్తే వేయని పిల్లాడికి కూడా కొంత కాపుదల దొరుకుతుంది, ఎందుకంటే అది మనిషి నుంచి మనిషికి పాకేది. జేఈ మనిషి నుంచి పాకదు. ఊళ్లో అందరికీ టీకా వేసి ఒక్క పిల్లని వదిలేస్తే ఆ పిల్లకి ప్రమాదం ఎప్పటంతే ఉంటుంది. పైగా కేసులు సున్నా అయినా వైరస్ పోయినట్టు కాదు. జపాన్‌లో టీకాతో మనుషుల్లో కేసులు చాలా తగ్గిపోయాయి, అయినా వేసవిలో పందుల రక్తం పరీక్షిస్తే ఇప్పటికీ వైరస్ తిరుగుతున్నట్టు కనబడుతుంది. "కేసులే లేవుగా, ఇక టీకా ఎందుకు" అని ఎవరైనా అంటే ఈ ఉదాహరణ చూపించండి. పిల్లలకి టీకా బాగా అందిన చోట కేసులు పెద్దవాళ్ల వైపు జరుగుతాయి, అది కూడా లైన్ లిస్ట్‌లో వయసు గడి చూస్తేనే పట్టుబడుతుంది.

కేసులు వస్తుండగా టీకా వేయొచ్చా? వేయొచ్చు, సీజన్ ఇంకా మిగిలి ఉంటే మేలు కూడా. కానీ రక్షణ రావడానికి రెండు వారాల దాకా పడుతుంది, అప్పటికే దోమ కుట్టినవాళ్లని అది కాపాడదు. ఈ మాట ముందే ఊళ్లో చెప్పకపోతే, టీకా తర్వాత ఎవరికైనా జబ్బు వచ్చిందనగానే టీకా వల్లే వచ్చిందన్న ప్రచారం మొదలవుతుంది. 2005లో ఉత్తరప్రదేశ్ తూర్పు జిల్లాల్లో, గోరఖ్‌పూర్ చుట్టుపక్కల, 5,737 మంది జబ్బుపడి 1,344 మంది చనిపోయారు. మరుసటి ఏడాది నుంచే ఎస్ఏ 14-14-2 అనే లైవ్ టీకాతో (బలహీనపరిచిన వైరస్‌తో చేసేది) పెద్ద కార్యక్రమం మొదలైంది. ఇప్పుడు భారతదేశంలో ప్రమాదం ఉన్న జిల్లాల్లో మామూలు టీకాల పట్టికలోనే రెండు డోసులు ఉన్నాయి, మొదటిది 9 నెలలు నిండాక, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య.

అయితే గోరఖ్‌పూర్ ప్రాంతంలో టీకా వచ్చాక కూడా మెదడువాపు లక్షణాలతో పిల్లలు వస్తూనే ఉన్నారు. వెతికితే చాలామందిలో అసలు కారణం స్క్రబ్ టైఫస్ అని తర్వాత తేలింది. అది దోమ వల్ల రాదు, పొదల్లో ఉండే చిగ్గర్ అనే కంటికి ఆనని పురుగు కుడితే వస్తుంది. దానికి డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ ఉన్నాయి, చవకైన మందులు, తొందరగా ఇస్తే పిల్లలు బతుకుతారు. చంకలోనో, గజ్జల్లోనో కాలిన మచ్చలా నల్లటి పొక్కు ఉందేమో బట్టలు విప్పి చూస్తే కొన్నిసార్లు అక్కడే దొరికిపోతుంది. రద్దీ వార్డులో అంత తీరికగా చూసేవాళ్లు తక్కువ.

కాబట్టి "మెదడువాపు" అన్నది ఒక జబ్బు పేరు అనుకోవద్దు, లక్షణాల గుంపు అనుకోండి. జ్వరం, దానితో పాటు మాట తడబడటం, గందరగోళం, స్పృహ తప్పడం లేదా కొత్తగా ఫిట్స్ వస్తే దాన్ని ఏఈఎస్ (అక్యూట్ ఎన్‌సెఫలైటిస్ సిండ్రోమ్) కింద రాస్తారు. కారణం తర్వాత తేలాలి. ఇది తేల్చకుండా ముందుకెళ్తే ఏమవుతుందో మలేషియా చూసింది. 1998లో పందుల ఫారాల దగ్గర మెదడువాపు మొదలైతే జేఈ అనుకున్నారు. టీకాలు వేశారు, ఫాగింగ్ చేశారు, కేసులు ఆగలేదు. జబ్బుపడేవాళ్లు ఎక్కువగా పెద్దవాళ్లు, పందుల్ని చేత్తో పట్టుకుని పనిచేసేవాళ్లు. టీకా వేయించుకున్నవాళ్లకీ వచ్చింది. పందులు కూడా గట్టిగా దగ్గుతూ జబ్బుపడ్డాయి. జేఈ అయితే ఇవేవీ ఇలా ఉండవు. 1999 మార్చిలో మలయా విశ్వవిద్యాలయంలో కొత్త వైరస్‌ని పట్టుకున్నారు, అదే నిపా. 265 మందికి సోకి 105 మంది చనిపోయారు, పది లక్షలకి పైగా పందుల్ని చంపాల్సి వచ్చింది.

అదే ఏడాది న్యూయార్క్‌లో వృద్ధులకి మెదడువాపు వస్తే రక్త పరీక్షల్ని బట్టి, దోమల వల్లే వచ్చే సెయింట్ లూయిస్ ఎన్‌సెఫలైటిస్ అన్నారు. ఆ రోజుల్లోనే నగరంలో కాకులు రాలిపోతున్నాయి, బ్రాంక్స్ జూలో పక్షులు చచ్చాయి. సెయింట్ లూయిస్ వైరస్ పక్షుల్ని అలా చంపదు కదా అని జూ పాథాలజిస్ట్ ట్రేసీ మెక్‌నమారా పట్టుబట్టారు. చివరికి తేలింది వెస్ట్ నైల్, ఉత్తర అమెరికా అంతకుముందు చూడని వైరస్. 2003లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకి వచ్చి 183 మందిని బలిగొన్నదీ జేఈ కాదు, చండీపురా. దాన్ని మోసేది దోమ కన్నా చిన్నదైన శాండ్‌ఫ్లై, ఇసుక ఈగ. చాలామంది పిల్లలు చేరిన రోజో మర్నాడో పోయారు. అంత వేగం చూస్తేనే ఇది జేఈ కాదేమో అన్న అనుమానం రావాలి.

ల్యాబ్ రిపోర్టు దగ్గరా ఒక మెలిక ఉంది. జేఈకి చేసేది ఎక్కువగా ఐజీఎం ఎలైజా, అంటే వైరస్ సోకిన కొత్తలో ఒంట్లో తయారయ్యే యాంటీబాడీల్ని వెతికే పరీక్ష. జ్వరం మొదలైన రెండో రోజో మూడో రోజో తీసిన శాంపిల్ నెగెటివ్ వస్తే అది నెగెటివ్ అని రాసేయకూడదు, పదో రోజు దాటాక రక్తం మళ్లీ పంపాలి. డెంగీ, వెస్ట్ నైల్ సోకినా రక్తంలో అడ్డదిడ్డంగా పాజిటివ్ రావచ్చు, ఈమధ్యే జేఈ టీకా వేయించుకున్నా రావచ్చు. వెన్ను నీటిలో పాజిటివ్ వస్తే ఆ మాటకి బలం ఎక్కువ.

ఇప్పుడు కేసులు నడుస్తున్న చోట నా చేతిలో ఉంటే ఏ వరసలో చేస్తానో చెప్తాను. మొదట చికిత్స. జేఈకి వైరస్‌ని చంపే మందు లేదు. కానీ ఫిట్స్ తొందరగా ఆపడం, ఆక్సిజన్, శ్వాస దారి, మెదడులో ఒత్తిడి చూసుకోవడం, చక్కెర పడిపోకుండా చూడటం, ఇవి చిన్న ఆసుపత్రిలోనే మొదలైతే చాలామంది దక్కుతారు. పిల్లాడిని గంటల తరబడి బండిలో పెద్దాసుపత్రికి మోసుకెళ్లేటప్పుడు దారిలో ఫిట్స్ ఆగకపోవడం వల్ల పోయిన ప్రాణాలు నేను చూశాను. మెదడువాపు దాకా వెళ్లిన జేఈలో 30 శాతం దాకా చనిపోవచ్చు, బతికినవాళ్లలో 20 నుంచి 30 శాతం మందికి మాటో, చెయ్యో, బుద్ధో దెబ్బతింటుంది. వాళ్లకి ఫిజియోథెరపీ, ఫిట్స్ మందులు ఏళ్ల తరబడి కావాలి. కేసుల బులెటిన్ ఆగిపోగానే వాళ్లని అందరూ మర్చిపోతారు.

రెండోది, అదే రోజు నుంచి, లైన్ లిస్ట్, శాంపిళ్లు, ట్రాపులు. మూడోది లార్వా. వరి మళ్లన్నిటిలో మందు చల్లడం అయ్యే పని కాదు. రైతులు ఒప్పుకుని, నీటి వసతి కుదిరితే మడిని మధ్యమధ్యలో ఆరబెట్టే పద్ధతి లార్వాని బాగా తగ్గిస్తుంది, నీరూ మిగులుతుంది. కానీ కాలవ నీరు ఒకరికి వచ్చినప్పుడు ఇంకొకరికి రాని చోట ఇది కుదరదు. గుంటలకి, మురుగు కాలవలకి బీటీఐ అనే బ్యాక్టీరియా మందు మంచిది, దోమ లార్వాని చంపుతుంది, చేపలకి హాని ఉండదు. లార్వాని తినే గంబూజియా చేపల్ని చెరువుల్లో, వాగుల్లో వదలమనే సలహా ఇంకా వినబడుతూనే ఉంటుంది. అవి అక్కడి చిన్న చేపల్ని, కప్ప పిల్లల్ని కూడా తినేస్తాయి, నేనైతే బయటి నీళ్లలో వదలను. ఫాగింగ్ అవసరమైతే ఆ తర్వాత, పొద్దుగూకే వేళ, గాలి నెమ్మదించాక, పశువుల పాకలు పందుల దొడ్ల చుట్టూ. చేసేముందు, చేశాక ట్రాప్ లెక్క చూడాలి. లెక్కలో తేడా లేకపోతే ఆ డబ్బు వేరే పనికి మళ్లించాలి.

ఇక ఇంట్లో చేయగలిగినవి: చీకటి పడ్డాక పిల్లలకి ఒళ్లంతా కప్పే బట్టలు, ఆరుబయట పడుకుంటే తప్పనిసరిగా దోమతెర, దోమలు కుట్టకుండా చర్మానికి రాసే డీట్ లాంటి మందు. పిల్లల టీకా కార్డులో జేఈ రెండు డోసులూ పడ్డాయో లేదో ఈ రోజే చూడండి. జ్వరంతో ఉన్న పిల్లాడు తలాతోకా లేకుండా మాట్లాడినా, మగతగా ఉండి లేపినా లేవకపోయినా తెల్లారేదాకా ఆగకండి. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో నీళ్లు గానీ చెంచా గానీ ఏమీ పెట్టకండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు జ్వరం ఏ రోజు మొదలైందో ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి.